బ్యాటరీ జీర్ణమైనచో పలకను పారవేయవలెనా?

పలక యను మాట తెలుగువారి చదువుతో పెనవేసికొనిపోయినది. ఇసుకలో వ్రేలితో దిద్దిన ఓనమాలు పలకపైకి ఎక్కినవి. పలకనుండి కాగితమునకును, కాగితమునుండి నేడు అద్దపు తెరకును చేరినవి. ఆంగ్లమున టాబ్లెట్ అను పదమునకు గల ప్రాచీనార్థము కూడ వ్రాతపలకయే. కాని రాతిపలకకును ఈ అద్దపు పలకకును ఒక భేదము కలదు. రాతిపలక పగులువఱకు పనిచేయును. అద్దపు పలక పగులకయే పని మానును. దాని తెర చెక్కుచెదరదు. లోపలి పాఠములు చెరిగిపోవు. కాని దానికి శక్తినిచ్చు బ్యాటరీ కొన్నియేండ్లలో నీరసించును. ఉదయమున నిండుగా నింపిన శక్తి రెండవ పీరియడు ముగియకమునుపే హరించిపోవును.

ఈ ప్రశ్న మన బడులకు దూరమైనది కాదు. 2011 అక్టోబరులో ఢిల్లీలో విడుదలైన 'ఆకాశ్' టాబ్లెట్ హైదరాబాదులో కూర్పబడినది. 2022 డిసెంబరు 21వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆరంభించి, ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును కలిపి 5 లక్షలకు పైగా టాబ్లెట్లను పంచిపెట్టెను. 2023 డిసెంబరులో మఱొక విడత జరిగెను. కోవిడ్ కాలమున, అనగా 2020, 2021 సంవత్సరములలో, ఇంటినుండి చదువుట కొఱకు తల్లిదండ్రులు స్వయముగా కొనిపెట్టినవి వేఱు. బ్యాటరీలు అలసట చూపు ప్రాయము ఇదియే.

వీనిని ఏమి చేయవలెను? పెట్టెలో పెట్టి మఱచిపోవలెనా? క్రొత్తవి కొనవలెనా? లేక బ్యాటరీ నొక్కదానిని మార్చి మఱికొన్ని యేండ్లు వాడుకొనవలెనా? ఒక పేద విద్యార్థికి ఆ పలకయే గ్రంథాలయము. ఆ కుటుంబమునకు దాని వెల కొన్ని నెలల పొదుపు. తొందరపడి పారవేసినచో ధననష్టము. తెలియక విప్పినచో అపాయము. కావున ఉపాధ్యాయులును విద్యార్థులును ఈ విషయమును కొంత లోతుగా ఎఱిగియుండుట మంచిది.

చెరువు, పూడిక, తూము

నేటి టాబ్లెట్లలో ఉండునది లిథియం-అయాన్ బ్యాటరీ. దీని వెనుక ముగ్గురు శాస్త్రవేత్తల కృషి ప్రధానముగా కలదు. 1970 తరువాతి దశకమున స్టాన్లీ విట్టింగ్‌హామ్ లిథియం అయానులను పొరలలో ఇముడ్చుకొను పదార్థముతో ఒక బ్యాటరీని నిర్మించెను. 1980లో జాన్ గుడ్‌ఇనఫ్ కోబాల్టు ఆక్సైడును ధనధ్రువముగా వాడి అధిక వోల్టేజి సాధింపవచ్చునని చూపెను. 1985లో జపాను దేశీయుడు అకిరా యోషినో లోహరూపమైన లిథియమునకు బదులు కర్బన పదార్థమును ఋణధ్రువముగా అమర్చి అపాయమును చాల తగ్గించెను. 1991లో సోనీ సంస్థ దీనిని అంగడికి తెచ్చెను. ఈ మువ్వురకును 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. అప్పటికి గుడ్‌ఇనఫ్ వయస్సు 97 ఏండ్లు.

దీని పని తీరును సులభముగనే చెప్పవచ్చును. శక్తి నింపునపుడు లిథియం అయానులు ధనధ్రువమునుండి బయలుదేరి ఋణధ్రువమునందలి గ్రాఫైటు పొరల నడుమ చేరును. వాడునపుడు అవి మఱల వెనుకకు వచ్చును; ఎలక్ట్రానులు వెలుపలి తీగ మార్గమున ప్రయాణించి మనకు విద్యుత్తు నిచ్చును. ఈ రాకపోకలలో కొన్ని అయానులు ఋణధ్రువముపై ఏర్పడు ఒక పలుచని పొరలో చిక్కుకొని తిరిగిరావు. ఆ పొర నానాటికి మందమగును.

ఊరి చెరువును తలచుకొన్నచో తక్కినది బోధపడును. ఏటేట ఒండ్రు చేరి చెరువు పూడును. పట్టు నీరు తగ్గును. తూములో మట్టి చేరి సన్నగిల్లును; నీరున్నను కావలసినంత వేగముగా పాఱదు. బ్యాటరీకి ఈ రెండు రోగములును వచ్చును. పట్టు శక్తి తగ్గుట మొదటిది. అంతర్నిరోధము పెరుగుట రెండవది. అందుచేతనే తెరపై నూటికి ముప్పది యని చూపుచుండగనే పలక హఠాత్తుగా ఆఱిపోవును. కదలు చిత్రముల పాఠము తెఱచినంతనే ఎక్కువ విద్యుత్తు కావలసివచ్చును, వోల్టేజి దిగజాఱును, యంత్రము తన్ను తానే ఆపుకొనును. చెరువునకు పూడిక తీయవచ్చును గాని బ్యాటరీకి పూడిక తీయుట గృహవైద్యముచేత సాధ్యము కాదు. ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచినచో బలము తిరిగివచ్చునని చెప్పు చిట్కాలు నమ్మదగినవి కావు.

ఎన్నాళ్లు మన్నును? దీనిని ఏండ్లలో కాక ఆవృత్తులలో లెక్కింతురు. నేడు సగము, రేపు సగము వాడినచో రెండును కలిసి ఒక ఆవృత్తి. ఆపిల్ సంస్థ తన ఐప్యాడ్ బ్యాటరీ 1000 ఆవృత్తుల పిదప మొదటి శక్తిలో 80 శాతము నిలుపుకొనునట్లు నిర్మించితిమని చెప్పుచున్నది. చవక రకములు అంతకంటె ముందే నీరసించుట కలదు.

పుండొకచోట, మందొకచోట

మార్పిడికి పూనుకొనుటకు ముందు, రోగము బ్యాటరీదేనా యని తేల్చుకొనవలెను. పుండొకచోట నుండగా మందొకచోట పూసినచో ఫలము లేదు. మొదట వేఱొక ఛార్జరుతోను, వేఱొక తీగతోను నింపిచూడవలెను. నలిగిన తీగ నెమ్మదిగా నింపుచుండగా బ్యాటరీని నిందించువారు తఱచుగా కనబడుదురు. ఛార్జింగు రంధ్రములో దుమ్ము చేరినదేమో చూడవలెను. సెట్టింగులలో ఏ ఆప్ ఎంత శక్తిని హరించుచున్నదో చూపు పట్టిక ఉండును. ఒకే ఆప్ సగము శక్తిని మ్రింగుచున్నచో దానిని తొలగించి రెండు దినములు గమనింపవలెను. తెర వెలుగు తగ్గించిచూడవలెను.

ఇన్నియు చేసిన పిదపను శక్తి నిలువకున్నను, అంకెలు ఒక్కసారిగా పడిపోవుచున్నను, దోషము బ్యాటరీదే. ఇక పలక వెనుకభాగము ఉబ్బినను, తెర అంచు పైకి లేచినను సందేహమే అక్కఱలేదు. లోపలి రసాయనములు విచ్ఛిన్నమై వాయువు పుట్టి, పలుచని అల్యూమినియము సంచి పొంగుచున్నదని గ్రహింపవలెను. అట్టి పలకకు మఱల శక్తి నింపరాదు. ఒత్తి సరిచేయ యత్నింపరాదు. పిల్లల చేతి కీయరాదు. ఆపివేసి, మండు వస్తువులకు దూరముగా నుంచి, తెలిసినవాని కడకు చేర్పవలెను. ఉబ్బు ఎంత స్వల్పమైనను ఈ నియమమునకు సడలింపు లేదు.

మన యెదుట గల మార్గములు

మొదటి మార్గము మార్చకయే గడుపుట. బ్యాటరీ ఉబ్బక, బలము మాత్రమే తగ్గినచో, పలకను ఒక బల్లపై స్థిరముగా నుంచి, తీగ తగిలించియే వాడవచ్చును. బడిలో నిఘంటువు చూచుటకును, పాఠములు వినిపించుటకును ఇది చాలును. చేతి సంచిలో పవర్‌బ్యాంకు నుంచుకొనుట దీని రూపాంతరము. ఇచ్చట విద్యార్థులు చిన్న లెక్క చేయవచ్చును. 5100 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీ 3.85 వోల్టులది యైనచో దాని శక్తి సుమారు 19.6 వాట్-గంటలు. 10,000 అని వ్రాసిన పవర్‌బ్యాంకు లోపలి వోల్టేజి 3.7 కావున అందలి శక్తి 37 వాట్-గంటలు. మార్పిడిలో కొంత వేడిగా పోవును. కావున అది ఆ పలకను రెండు సారులు నిండుగా నింపుట కూడ దుర్లభము. మిల్లీ ఆంపియర్లను మాత్రమే చూచి మురిసిపోక వాట్-గంటలను చూచుట నేర్వవలెను.

రెండవ మార్గము తయారీసంస్థ అధికారిక సేవాకేంద్రము. వ్యయము కొంత ఎక్కువైనను అసలు బ్యాటరీ దొరకునను ధైర్యము కలదు. పోవుటకు ముందు పూచీపత్రమును చదువవలెను. కొన్ని సంస్థలు పలకకు ఇచ్చు గడువుకంటె బ్యాటరీకి తక్కువ గడువు నిచ్చును. లోపలి పాఠములను, ఛాయాచిత్రములను వేఱొకచోట దాచుకొనవలెను. ఎందుచేతననగా, సేవాకేంద్రమువారు తఱచుగా లోపలి సమాచారమంతయు తుడిచివేయుదురు. 2010లో ఐప్యాడ్ వెలువడినపుడు ఆపిల్ సంస్థ ప్రకటించిన ఏర్పాటు ప్రకారము, అమెరికాలో 99 డాలర్లు చెల్లించినచో బ్యాటరీని మార్చుట కాదు, వేఱొక ఐప్యాడ్‌నే ఇచ్చెడివారు. అందులో పాతదాని సమాచారము ఉండెడిది కాదు. ప్రభుత్వము ఇచ్చిన టాబ్లెట్ల విషయమున ప్రధానోపాధ్యాయునకు తెలుపకుండ ఎవ్వరును వెలుపల విప్పింపరాదు. పూచీయు, లెక్కయు రెండును చెడును.

మూడవ మార్గము ఊరిలోని మరమ్మతు దుకాణము. హైదరాబాదు ఆబిడ్సులోని జగదీశ్ మార్కెట్టు మొదలు చిన్న పట్టణముల బస్సుస్టాండు వీథుల వఱకు ఈ విద్యయందు ఆఱితేఱినవారు కలరు. పాఠశాలలో నేర్వని నైపుణ్యము వారి వ్రేళ్లలో నుండును. కాని వారిని కొన్ని ప్రశ్నలు అడుగుట మన విధి. బ్యాటరీ ఏ నమూనా సంఖ్యది? ఎన్ని నెలల పూచీ? తెర విఱిగినచో బాధ్యత ఎవరిది? పాత బ్యాటరీని ఏమి చేయుదురు? దానిపై భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తును, ఆర్ అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యయు ఉన్నవా? ఇట్టి బ్యాటరీలకు ఐ.ఎస్. 16046 అను ప్రమాణము కలదు. ఆ సంఖ్యను ఆ సంస్థవారి 'బి.ఐ.ఎస్. కేర్' ఆప్‌లో సరిచూడవచ్చును. అసలు బ్యాటరీ పరిమాణముననే యుండి, దానికి రెట్టింపు శక్తి కలదని చాటు చీటీని నమ్మరాదు. కొలత పెరుగకయే పంట రెట్టింపైనదని చెప్పు రైతును మనము నమ్ముదుమా?

నాలుగవ మార్గము స్వయముగా మార్చుట. సాహసవంతులైన కళాశాల విద్యార్థులు దీనిపై మోజు పడుదురు. ఇది అసాధ్యము కాదు. కాని పెద్దల పర్యవేక్షణ లేక బాలురు చేయదగినది కాదు. అందలి క్రమమును తెలిసికొన్నచో దుకాణమువాని పని మంచిచెడ్డలనైనను కనిపెట్టవచ్చును. విప్పుటకు ముందు బ్యాటరీ శక్తిని 25 శాతమునకు లోబడునట్లు వాడివేయవలెను; శక్తి తక్కువగా నున్నచో ప్రమాదము జరిగినను తీవ్రత తగ్గును. అనేక టాబ్లెట్లలో తెర జిగురుతో అతుకబడి యుండును. అంచులను మితముగా వెచ్చచేసి, పలుచని ప్లాస్టిక్ చీటీతో మెల్లగా విడదీయవలెను. లోపల మొట్టమొదట చేయవలసినది బ్యాటరీ తీగ కొక్కెమును ఊడదీయుట. బ్యాటరీ క్రింది జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో మెత్తపఱచి, ప్లాస్టిక్ పనిముట్టుతోనే లేపవలెను. ఇనుప స్క్రూడ్రైవరుతో పెల్లగించుటయే పెక్కు ప్రమాదములకు మూలము. సంచి చిల్లిపడినచో ధ్రువములు ఒండొంటిని తాకి, వేడి పెరిగి, మంటయు విషవాయువులును వెలువడును. అట్టిచో పొగను పీల్చక వెంటనే గదిని వీడి, 101కు కబురు చేయవలెను. ఉబ్బిన బ్యాటరీని ఇంటిలో విప్పు ఊహయే వలదు.

తెప్పించుకొన్న బ్యాటరీ ఆలస్యముగా వచ్చినదని విసుగుకొనరాదు. ప్రయాణికుల విమానములలో విడి లిథియం-అయాన్ బ్యాటరీలను సరకుగా పంపుటను 2016 ఏప్రిల్ 1 నుండి అంతర్జాతీయముగా నిషేధించిరి. సరకు విమానములలో పంపునవి కూడ 30 శాతమునకు మించిన శక్తితో ఉండరాదు. కావున క్రొత్త బ్యాటరీ సగము కూడ నిండియుండకపోవుట దోషము కాదు. కాని బొత్తిగా ఎండిపోయి, ఎంతసేపటికిని శక్తి ఎక్కనిది చిరకాలము నిలువయున్న సరకని అనుమానింపవలెను.

అయిదవ మార్గము బ్యాటరీని తీసివేసి, ఆ స్థానమున తీగలద్వారా నేరుగా విద్యుత్తు నిచ్చుట. గోడకు తగిలించిన గడియారమువలె పలకను వాడుకొనువారు కొందఱు ఈ యత్నము చేయుచుందురు. చాల టాబ్లెట్లు బ్యాటరీలోని ఉష్ణమాపక తీగ తగులక మేల్కొననే మేల్కొనవు. వోల్టేజి కొంచెము తప్పినను లోపలి పలకము మాడును. విద్యుద్విద్య యెఱిగినవారికే యిది తగును. ఇట్టి వాడుకను ముందే ఆలోచించి నిర్మించినవియు కలవు. సాంసంగ్ సంస్థవారి 'టాబ్ ఆక్టివ్' వరుసలో వెనుక మూత తీసి బ్యాటరీని చేతితోనే మార్చుకొనవచ్చును. ఇటీవలి రకములు బ్యాటరీ లేకయే తీగ విద్యుత్తుతో పనిచేయగలవు. అనగా, మార్చుటకు వీలుగా నిర్మించుట అసాధ్యము కాదు. నిర్మాతల తలపు ఉండవలెను.

కడపటి మార్గము క్రొత్తది కొనుట. పలక తెర పగిలి, జ్ఞాపకశక్తి చాలక, భద్రతా సవరణలు నిలిచిపోయి, కావలసిన ఆప్‌లే ఎక్కనిచో బ్యాటరీని మార్చుట ముసలి ఎద్దునకు క్రొత్త నాడాలు కొట్టించుట వంటిది. నా మతమున, మార్పిడి వ్యయము అట్టిదే క్రొత్త పలక వెలలో మూడవవంతునకు లోబడినచో మార్చుట మేలు; సగమునకు మించినచో నిలిచి ఆలోచింపవలెను. నడుమ నున్నచో పలక మఱి రెండేండ్లు అక్కఱకు వచ్చునా యని మాత్రము ప్రశ్నించుకొనవలెను.

పాతదాని గతి

తీసిన బ్యాటరీని చెత్తకుప్పలో వేయుట దోషము. చెత్తబండిలో నలిగి మంటలు లేచుటకు అది చాలును. మన దేశమున 2001 నాటి బ్యాటరీల నియమముల స్థానమున 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమములు వచ్చినవి. వాని ప్రకారము వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత ఉత్పత్తిదారులది. ఇంటి చెత్తతో కలుపక వేఱుగా నుంచి అప్పగించు బాధ్యత వినియోగదారులది. కొనలపై అంటుపట్టీ అతికించి, పొడిచోట నుంచి, సేవాకేంద్రమునకో నమోదైన సేకరణకేంద్రమునకో ఇయ్యవలెను. అందలి కోబాల్టు, లిథియము, రాగి మఱల వినియోగమునకు వచ్చును.

వేసవి సెలవులు

మార్చుటకంటె కాపాడుట సులువు. మన బడులలో బ్యాటరీలకు పెద్ద శత్రువు వేసవి. నిండుగా నింపిన పలకలను ఏప్రిల్‌లో బీరువాలో పెట్టి జూనులో తీయుదుము. బీరువా గది రేకులదైనచో ఆ వేడి చెప్పనలవి కాదు. కెనడా దేశపు కాడెక్స్ సంస్థ ప్రచురించిన పట్టిక ఈ సందర్భమున కనువిప్పు. 25 డిగ్రీల చల్లదనమున 40 శాతము శక్తితో ఏడాది నిలువయుంచిన బ్యాటరీ తన పట్టులో 96 శాతము నిలుపుకొనును. అదే 40 డిగ్రీల వేడిలో నూటికి నూఱు నింపి ఉంచినచో 65 శాతమునకు దిగజాఱును. అనగా వాడకయే మూడవవంతు పోయినది. బొత్తిగా ఖాళీచేసి దాచుట కూడ కీడే. శక్తి హద్దు మీఱి పడిపోయి మఱల లేవకపోవచ్చును.

కావున సెలవులకు ముందు పలకలను సుమారు సగము నింపి, పూర్తిగా ఆపివేసి, గాలి యాడు చల్లని గదిలో నుంచవలెను. నెల కొకసారి చూచి, తగ్గినచో సగమునకు తేవలెను. దినవాడుకలో 20కు, 80కి నడుమ నుంచుట మంచిది. 80 లేక 85 శాతముతో నింపుట ఆపు ఏర్పాటు కొన్ని టాబ్లెట్లలో కలదు. దిండు క్రింద నుంచి నింపరాదు. ఎండలో కిటికీ ప్రక్క నుంచి నింపరాదు.

జీర్ణోద్ధరణము

మన పూర్వులు తాళపత్రము శిథిలమైనపుడు క్రొత్త ఆకుపై ప్రతి వ్రాసికొనిరే గాని కావ్యమును పారవేయలేదు. బ్రౌను దొర పండితులను కూర్చి జీర్ణప్రతులకు క్రొత్త ప్రతులు వ్రాయించియుండనిచో మనకెన్ని గ్రంథములు దక్కియుండెడివి? గుడి గోపురము బీటవాఱినచో జీర్ణోద్ధరణము చేయుదుము గాని గుడిని విడువము. బాగుచేసికొనుట పేదఱికమునకు గుర్తు కాదు. వస్తువులోని శ్రమను గౌరవించుట.

ప్రపంచము కూడ ఈ మార్గమునకే మఱలుచున్నది. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీ చట్టము ప్రకారము, 2027 ఫిబ్రవరి 18 నుండి చేతి పరికరములలోని బ్యాటరీలను వాడుకరియే తీసి మార్చుకొనునట్లు నిర్మింపవలెనని సాధారణ నియమము. మన వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కొఱకు ఒక పోర్టలును ఆరంభించినది. పూచీలో నున్న వస్తువును సరిచేయ నిరాకరించినచో 1915 సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు విన్నవించుకొనవచ్చును.

ప్రతి పాఠశాలలోను ఒక పుస్తకము తెఱచి, ఏ పలక ఎప్పుడు వచ్చినది, దాని బ్యాటరీ ఎంతసేపు నిలుచుచున్నది, ఏది ఉబ్బినది అని నెల కొకసారి వ్రాయించినచో ఎంత మేలు! ఆ పని విద్యార్థులకే అప్పగింపవచ్చును. భౌతికశాస్త్రము, గణితము, పౌరధర్మము మూడును ఆ ఒక్క పుస్తకములో నేర్తురు. ఉబ్బిన పలకలు పిల్లల చేతికి పోకుండ ముందే నిలిచిపోవును. మార్చదగినవాని నన్నిటిని ఒక్కసారి చేర్చి సేవాకేంద్రమునకు పంపినచో వ్యయమును తగ్గవచ్చును. ఒక్కొక్క బ్యాటరీ మార్పిడితో ఒక్కొక్క బాలుని చదువు మఱి రెండేండ్లు సాగునన్నచో, అది చిన్న మరమ్మతు కాదు.